వంతనుంచి కథకురాలి స్థానం దాకా: తెలుగు కథాగాన సంప్రదాయాల్లో స్త్రీ, వాద్యం, కథాధికారం

ప్రస్తావన

హైదరాబాదులో అమీర్‌పేటను ఆనుకొని ఉన్న బల్కంపేట ఎల్లమ్మ గుడికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడి అమ్మవారి మూలమూర్తి నేలమట్టానికి దిగువన, బావిలో కొలువై ఉంటుంది. ఆషాఢమాసపు తొలి మంగళవారం అమ్మవారి కల్యాణం జరుగుతుంది. ఆ మాసమంతా నగరంలో బోనాల సందడి ఉంటుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

ఈ పండుగలో పనుల విభజన స్పష్టంగా కనిపిస్తుంది. బోనం వండేది, అలంకరించేది, తలకెత్తుకునేది స్త్రీ. శివసత్తిగా పూనకంతో ఆడేదీ ప్రధానంగా స్త్రీయే. ఊరేగింపు ముందు డప్పు, డోలు వాయించేది మాత్రం పురుషుడు. దరువు లేనిదే శివసత్తి అడుగు పడదు. అయితే ఆ దరువు ఆమె చేతిలో లేదు. కొలువు తీరింది స్త్రీ దేవత, కొలిచేది స్త్రీ, ఆమెను ఆడించే వాద్యం పురుషునిది. ఈ వ్యాసం ఈ పరిశీలననుంచే మొదలవుతుంది.

జానపద గానంలో స్త్రీ పాత్ర గురించి మన పరిశోధన ఎక్కువగా పాటల చుట్టూ తిరిగింది. దంపుడు పాటలు, జోల పాటలు, పెళ్ళి పాటలు, బతుకమ్మ పాటలు స్త్రీల సాహిత్యంగా గుర్తింపు పొందాయి. ఆచార్య బిరుదురాజు రామరాజు, ఆచార్య నాయని కృష్ణకుమారి వంటి పరిశోధకుల కృషి ఈ సాహిత్యానికి విశ్వవిద్యాలయాల్లో గౌరవస్థానం కల్పించింది. అయితే ఈ పాటల్లో అధిక భాగానికి వాద్యం లేదు. బతుకమ్మ పాటకు చప్పట్లే తాళం, దంపుడు పాటకు రోకటి పోటే లయ. వృత్తి గాయకుల కథాగానంలో పరిస్థితి వేరు. అక్కడ వాద్యం ఉంటుంది, ప్రతిఫలం ఉంటుంది, కథను నడిపే అధికారం ఒకరి చేతిలో ఉంటుంది. అక్కడ స్త్రీ ఎక్కడ నిలబడింది అన్న ప్రశ్నకు మన సాహిత్య చరిత్రలు సాధారణంగా ఇచ్చే సమాధానం ఒక్కటే: ఇరవయ్యో శతాబ్దంలో ఆమె ఆ రంగంలోకి ప్రవేశించింది.

ఆ సమాధానం అసమగ్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కొన్ని వృత్తి సంప్రదాయాల్లో స్త్రీ ముందునుంచే వాద్యంతో ఉంది. ఆమెకు లేనిది కథాధికారం. కాబట్టి పాడే హక్కు, వాయించే హక్కు, కథ నడిపే హక్కు అనే మూడింటినీ వేర్వేరుగా పరిశీలించినప్పుడే మార్పు ఎక్కడ జరిగిందో, ఎవరికి జరిగిందో తెలుస్తుంది.

ఎల్లమ్మ కథ: చెప్పే గొంతులు

ఎల్లమ్మ కథ తెలంగాణలో అనేక వృత్తి గాయక వర్గాల నోట బతికింది. పురాణ పరంపరలో ఆమె జమదగ్ని భార్య రేణుక, పరశురాముని తల్లి. భర్త ఆజ్ఞ, కొడుకు గొడ్డలి, తెగిన తల, తిరిగి అతికిన తల అనే ఘట్టాలు కథకు కేంద్రం. తల అతికే ఘట్టంలో మాతంగి స్త్రీ ప్రమేయం ఉన్న కథనాలు దక్షిణ భారతమంతటా ప్రచారంలో ఉన్నాయి. ఒక స్త్రీ శరీరంమీద కుటుంబం, కులం చేసే నిర్ణయాల కథ ఇది. దీన్ని ఎవరి గొంతు వినిపిస్తుందన్నది అందుకే ముఖ్యమైన ప్రశ్న.

ఒగ్గు కథను ప్రధానంగా కురుమ, గొల్ల కులాలకు చెందిన కళాకారులు చెబుతారు. మల్లన్న, బీరన్న కథలతో పాటు ఎల్లమ్మ కథ కూడా వారి కథల్లో ఉంది. ఈ కళకు ఆ పేరు ఒగ్గు అనే చిన్న డమరుకంనుంచి వచ్చింది. డోలు, తాళాలు దానికి తోడవుతాయి. సంప్రదాయ దళంలో కథకుడు, సహకథకుడు, వాద్యకారులు అందరూ పురుషులే. స్త్రీ పాత్ర వచ్చినప్పుడు పురుషుడే కొంగు కప్పుకొని ఆ పాత్రగా మారతాడు. ఈ కళను జాతీయ స్థాయికి తీసుకువెళ్ళిన చుక్క సత్తయ్య (1935–2017) స్త్రీ పాత్రాభినయంలోనూ ప్రసిద్ధుడు. బైండ్లవారి ఎల్లమ్మ కొలుపులో జమిడిక ప్రధాన వాద్యం. తోలుమూతకు కట్టిన తీగను బిగిస్తూ, సడలిస్తూ మీటితే మనిషి మూలుగులాంటి స్వరం పుట్టే వాద్యమిది. అదీ పురుషుని భుజానే ఉంటుంది.

చిందు భాగవతంలో ఈ విభజన కొంత మారుతుంది. మాదిగలకు ఆశ్రితులైన చిందువారు జాంబపురాణంతో పాటు ఎల్లమ్మ కథను కూడా ప్రదర్శిస్తారు. వారి మేళాల్లో స్త్రీలు వేషం కడతారు. నిజామాబాదు ప్రాంతానికి చెందిన చిందుల ఎల్లమ్మ (మరణం 2005) ఈ సంప్రదాయానికి పర్యాయపదంగా నిలిచింది. కూచిపూడి భాగవత మేళాల్లో స్త్రీ పాత్రలన్నీ పురుషులే ధరించిన కాలంలో కూడా, సమాజపు అట్టడుగున ఉన్న చిందు మేళాల్లో స్త్రీ గజ్జెకట్టి పాడింది, సంభాషణ చెప్పింది. రంగస్థలంమీద స్త్రీ నిషేధం మొత్తం తెలుగు సమాజపు నియమం కాదని, అది కొన్ని కులాల మర్యాదా నియమమని దీనివల్ల తేలుతుంది. అయితే చిందు మేళంలో కూడా మద్దెల, హార్మోనియం ప్రధానంగా పురుషుల వంతే. వేషం, గానం స్త్రీకి దక్కాయి, వాద్యం దక్కలేదు.

బుడిగె పట్టిన చేయి

వాద్యం స్త్రీ చేతిలో ఉన్న సంప్రదాయం కోసం బుడిగ జంగాల శారద కథను చూడాలి. ఇక్కడ భర్త శారద అనే తంబుర మీటుతూ కథ చెబుతాడు. భార్య వంత పాడుతూ చిన్న గుమ్మెటలను వాయిస్తుంది. ఒకవైపు తోలు మూసిన ఈ వాద్యాలను డక్కీలు, బుడిగెలు అని కూడా అంటారు. బుర్రకథకు మాతృకగా భావించే జంగం కథలోనూ కథకునికి ఇరువైపులా భార్యలు నిలిచి వంత పాడుతూ గుమ్మెటలు వాయించేవారని జానపద కళల చరిత్రకారులు నమోదు చేశారు.

ఇక్కడ పేర్లను కొంత శ్రద్ధగా గమనించాలి. బుడిగె వాయించే జంగాలు కాబట్టి వారికి బుడిగ జంగాలన్న పేరు వచ్చిందన్న నిరుక్తి ప్రచారంలో ఉంది. దాన్ని అంగీకరిస్తే, కులం పేరు స్త్రీ చేతిలోని వాద్యంనుంచి పుట్టింది. కళ పేరు మాత్రం పురుషుని చేతిలోని శారదనుంచి పుట్టింది. అంటే బయటి సమాజం ఆ వర్గాన్ని గుర్తుపట్టింది బుడిగె చప్పుడుతో, ఆ కళకు విలువ కట్టింది తంబుర మీటే కథకునితో. పరిశోధకులు కూడా చాలావరకు కథకుని పేరునే దళం పేరుగా రాసుకున్నారు. భార్య పేరు లేకుండా ‘వంతలు’ అన్న బహువచనం మిగిలింది.

వంత అన్న పదం వాడుకలో కొంత చులకన పాలైంది. ‘వంత పాడటం’ అంటే ఇతరుల మాటకు తలూపడమని లోకోక్తి. కథాగానంలో వంత చేసే పని అంత తేలికైనది కాదు. కథకుడు ఊపిరి తీసుకునే వ్యవధిలో పల్లవిని పట్టుకునేది వంత. కథ వేగం పెంచేది, తగ్గించేది డక్కీ దరువే. కథకుడు చరణం మరిచినా, ప్రేక్షకుల్లో సందడి చెలరేగినా కథను నిలబెట్టేది వంతే. రాత్రంతా సాగే కథను ఏళ్ళ తరబడి వంత పాడిన స్త్రీకి ఆ కథ కంఠతా వచ్చి ఉంటుందని వేరే చెప్పనక్కర లేదు. కథ ఆమెకు వచ్చు, వాద్యం ఆమెకు వచ్చు. కథ ఎత్తుకునే చనువు మాత్రం లేదు.

2023లో విడుదలైన ‘బలగం’ చలనచిత్రం చివరి ఘట్టంలో పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఈ సంప్రదాయానికి చెందినవారే. ఆ పాట విన్నవారికి రెండు గొంతులు సమానంగా గుర్తుండిపోయాయి. కథాగానాన్ని ఇద్దరి సొత్తుగా వినే అవకాశం అక్కడ లభించింది. 2024 డిసెంబరులో మొగిలయ్య మరణించారు. జంటలో కథకుడు పోయినప్పుడు ఆ కళ ముగిసినట్టేనా, లేక వంత పాడిన స్త్రీ కథకురాలు కాగలదా అన్న ప్రశ్న శారద కథకు సంబంధించినంతవరకు సిద్ధాంతచర్చ కాదు. ఆ కుటుంబాల బతుకుతెరువు ప్రశ్న.

బుర్రకథ: వంతకు మాట దక్కిన వేళ

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జంగం కథా రూపాన్ని ఉద్యమ ప్రచారానికి మలిచింది. షేక్ నాజర్ (1920–1997) చేతిలో బుర్రకథ మహాప్రజాదరణ పొందింది. తంబుర, చేతి అందెలతో కథకుడు నడుమ నిలుస్తాడు. ఒక వంత హాస్యం చెబుతాడు. మరొక వంత రాజకీయం చెబుతాడు. అంటే కథను వర్తమానానికి అన్వయిస్తాడు. జంగం కథలో ప్రధానంగా పల్లవికీ, దరువుకూ పరిమితమైన వంతకు బుర్రకథలో సొంత మాట లభించింది. ప్రశ్నించడం, ఎగతాళి చేయడం, వ్యాఖ్యానించడం అతని బాధ్యతలయ్యాయి.

ఈ మార్పును లింగభేదం దృష్టితో ఇంతవరకు తగినంతగా పరిశీలించలేదు. జంగం కథలో భార్యలు నిలిచిన చోట ప్రసిద్ధ బుర్రకథ దళాల్లో పురుషులు నిలిచారు. గుమ్మెట అదే, నిలబడే చోటు అదే; మనిషి మారాడు. వంతకు మాట దక్కిన సమయానికి వంత స్థానంలో స్త్రీ లేదు. ఇది ఎవరో పనిగట్టుకొని చేసినది కాకపోవచ్చు. రాత్రివేళ బహిరంగ సభలు, ఊరూరి ప్రయాణాలు, పోలీసు నిర్బంధం ఉన్న రోజుల్లో దళ నిర్మాణం పురుషులవైపు మొగ్గడం సహజంగా కనిపించి ఉంటుంది. ఆధునికీకరణ స్త్రీకి తప్పనిసరిగా చోటు పెంచుతుందన్న నమ్మకాన్ని మాత్రం ఈ ఉదాహరణ ప్రశ్నిస్తుంది.

ఈ నేపథ్యంలో చూసినప్పుడే ప్రజానాట్యమండలిలో మోటూరి ఉదయం కథకురాలిగా ఏర్పడిన స్త్రీల బుర్రకథ దళానికి ఉన్న ప్రాముఖ్యం పూర్తిగా అర్థమవుతుంది. తంబుర మీటింది స్త్రీ. హాస్యమూ రాజకీయమూ చెప్పింది స్త్రీలు. కథాధికారం, వ్యాఖ్యానాధికారం రెండూ ఒకేసారి వారి చేతికి వచ్చాయి. ఆ తరం సాంస్కృతికోద్యమ స్త్రీల జీవితం ఎంతటి సంఘర్షణతో కూడినదో కొండపల్లి కోటేశ్వరమ్మ (1918–2018) ఆత్మకథ ‘నిర్జన వారధి’, స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవారికి తెలుసు. బాల వితంతువైన ఒక స్త్రీ పునర్వివాహం చేసుకొని, వేదికమీద పాడటం ఆ రోజుల్లో ఎన్ని కట్టుబాట్లను దాటడమో ఊహించవచ్చు.

అయితే ఈ విజయానికి ఒక పరిమితి ఉంది. ఆ దళాల్లోని స్త్రీలు ఉద్యమ కుటుంబాలనుంచి వచ్చినవారు; వంశపారంపర్యంగా ఈ కళను వృత్తిగా చేసుకున్నవారు కారు. ‘సంసార స్త్రీ’ వేదికెక్కితే ఎదురయ్యే నిందను తట్టుకోవడానికి పార్టీ ఒక పెద్ద కుటుంబంలా వారికి అండగా నిలిచింది. తరతరాలుగా బుడిగె వాయించిన జంగం స్త్రీకి అటువంటి అండ లేదు. కథకురాలి స్థానం స్త్రీకి దక్కింది. ఆ స్థానం పక్కనే తరాలుగా నిలబడిన స్త్రీకి దక్కలేదు. ‘తొలి మహిళా బుర్రకథ దళం’ అన్న మాట సత్యమే. దాన్ని ‘బుర్రకథలో స్త్రీ తొలి ప్రవేశం’గా మార్చి రాస్తే డక్కీ పట్టిన స్త్రీని చరిత్రనుంచి తొలగించినట్టవుతుంది.

ఆఫ్రికా సంప్రదాయాలతో పోలిక

హైదరాబాదుకు ఆఫ్రికా సంగీతంతో పరోక్షమైన పరిచయం ఉంది. నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం పేరుతోనే ఏసీ గార్డ్స్ అన్న పేట నేటికీ నిలిచి ఉంది. అక్కడి సిద్దీలు, బార్కస్‌లోని అరబ్బు సంతతివారు వాయించే మర్ఫా నగరంలోని పెళ్ళి ఊరేగింపులకు సుపరిచితం. మర్ఫా బృందాలు కూడా పురుషుల బృందాలే. వాద్యం, లింగభేదం మధ్య ఉన్న ఈ ముడి తెలుగు నేలకు మాత్రమే పరిమితం కాదని గ్రహించడానికి ఆఫ్రికా ఖండంలోని కొన్ని ఉదాహరణలు ఉపకరిస్తాయి.

పశ్చిమ ఆఫ్రికాలోని మాండే ప్రజల్లో జలి అనే వంశపారంపర్య కథాగాయక వర్గం ఉంది. రాజవంశాల చరిత్రలను, వీరగాథలను గానం చేయడం వారి వృత్తి. ఇరవై ఒక్క తీగల కోరా వాద్యం తండ్రినుంచి కొడుకుకు సంక్రమిస్తుంది. స్త్రీ జలి గొప్ప గాయనిగా గౌరవం పొందుతుంది. ఆమె చేతిలో సంప్రదాయంగా ఉండేది లయకోసం వాయించే చిన్న ఇనుప వాద్యం. శారద కథతో ఉన్న పోలిక ఇక్కడ స్పష్టం: తంత్రీవాద్యం పురుషునిది, లయవాద్యం స్త్రీది. గాంబియా జలి కుటుంబానికి చెందిన సోనా జొబార్తే కోరాను వృత్తిగా స్వీకరించి ఈ విభజనను దాటింది. ఆమె బయటనుంచి రాలేదు; వంశపు విద్యలో కొడుకుకు దక్కే వాటాను కూతురిగా తీసుకుంది. మన బుర్రకథ దళంలో జరిగిన మార్పుకు, దీనికి తేడా ఇదే.

జింబాబ్వేలో పితృదేవతలను ఆవాహన చేసే ఎంబిరా వాద్యం పురుషులదన్న భావన బలంగా ఉన్న రోజుల్లో స్టెల్లా చివేషే (1946–2023) దాన్ని నేర్చుకుంది. ఆమెకు నేర్పడానికి తొలుత గురువులు ముందుకు రాలేదు. రువాండాలో ఢంకా స్త్రీకి నిషిద్ధంగా ఉండేది. 1994 మారణహోమం తరువాత, 2004లో ఓడిల్ కతెసె చొరవతో స్త్రీల ఢంకా బృందం ఏర్పడింది. పరస్పర శత్రువులుగా చీలిన రెండు వర్గాల స్త్రీలూ అందులో కలిసి వాయించారు. పొరుగు దేశమైన బురుండిలో చరిత్ర మరో దారి పట్టింది. అక్కడి రాజఢంకా నృత్యాన్ని 2014లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. 2017లో ఆ దేశ ప్రభుత్వం స్త్రీలు ఢంకా వాయించరాదని ఉత్తర్వు జారీ చేసింది.

ఈ చివరి ఉదాహరణ మనకు హెచ్చరిక వంటిది. ఒక కళను ‘వారసత్వం’గా గుర్తించినప్పుడు దాని ఏదో ఒక రూపాన్ని ప్రామాణికంగా ఖరారు చేస్తారు. ఆ ఖరారులో స్త్రీ ఉందా లేదా అన్నది గుర్తింపు పత్రం రాసేవారి చేతిలో ఉంటుంది. మన జానపద కళల వివరణల్లో ‘ఈ కళను పురుషులు ప్రదర్శిస్తారు’ అని రాసే ఒక్క వాక్యం రేపటికి నియమంగా మారే ప్రమాదం ఉంది.

ఇంటి దారి, సంస్థ దారి

శాస్త్రీయ సంగీతంలో ఇటీవలి రెండు ఉదాహరణలు ఈ చర్చను మరికొంత స్పష్టం చేస్తాయి. మృదంగ విదుషి నిడుమోలు సుమతికి 2021లో పద్మశ్రీ లభించింది. నాదస్వర విదుషి కాలీషాబీ మహబూబ్‌కు భర్త షేక్ మహబూబ్ సుభానీతో కలిపి 2020లో పద్మశ్రీ లభించింది. మృదంగం, నాదస్వరం రెండూ చిరకాలం పురుష వాద్యాలుగా పరిగణన పొందినవే. సుమతికి తొలి గురువు తండ్రి. కాలీషాబీ కూడా నాదస్వర విద్వాంసుల కుటుంబంలో పుట్టినదే. ఇద్దరికీ విద్య ఇంట్లోనే దొరికింది. సోనా జొబార్తే విషయంలోనూ ఇదే చూశాం.

దీన్నిబట్టి స్త్రీ కథాధికారం, వాద్యాధికారం పొందడానికి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి ఇంటి దారి: వంశ విద్యను కూతురికి, భార్యకు సంపూర్ణంగా అందించడం. రెండవది సంస్థ దారి: ప్రజానాట్యమండలివంటి ఉద్యమ సంస్థ కొత్త వేదికను నిర్మించడం. తెలంగాణ ఉద్యమకాలంలో అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య వేదికమీద విమలక్క ప్రధాన గాయనిగా దళాన్ని నడిపిన తీరు రెండవ దారికి కొనసాగింపు. సంస్థ దారి వేగవంతమైనది. కానీ వంశ కళాకారిణిని దాటిపోయే అవకాశం ఉంది. ఇంటి దారి నెమ్మదైనది. కానీ కథ, బాణీ, దరువు మూడూ విడిపోకుండా చేతులు మారతాయి. ఈ రెండు దారులూ కలిసే చోటు విశ్వవిద్యాలయమే కావాలి. 1985లో నెలకొన్న తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద కళల అధ్యయనంలో ఉన్న అనుభవం దృష్ట్యా ఇది అత్యాశ కాదు.

ముగింపు

ఈ పరిశీలనవల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగు కథాగానంలో స్త్రీ ఇరవయ్యో శతాబ్దపు అతిథి కాదు. చిందు మేళంలో వేషంతో, శారద కథలో బుడిగెతో ఆమె ముందే ఉంది. రెండవది, ఆధునిక మార్పు ఏకముఖంగా సాగలేదు. బుర్రకథలో వంతకు మాట లభించినప్పుడు స్త్రీ ఆ చోటు కోల్పోయింది. ఆ తరువాత మరొక సామాజిక వర్గపు స్త్రీ కథకురాలై దాన్ని తిరిగి పొందింది. మూడవది, లింగభేదాన్ని కులంనుంచి విడదీసి చూస్తే ఈ చరిత్ర సగమే కనబడుతుంది.

క్షేత్ర పర్యటనలో మనం చేయగల పని చిన్నదే అయినా ఫలితం పెద్దది. దళం వివరాలు రాసేటప్పుడు కథకుని పేరుతో పాటు వంత పాడినవారి పేరు, ఆమె వాయించిన వాద్యం, ఆమెకు వచ్చిన కథల జాబితా రాసుకోవాలి. కథను కథకునివద్ద ఒకసారి, వంతవద్ద ఒకసారి విడివిడిగా రికార్డు చేయాలి. ఆమె చెప్పే కథలో ఘట్టాల ఎంపిక వేరుగా ఉంటే అది పాఠాంతరంగా పరిగణన పొందాలి. కళాకారుల పింఛన్లకు, పురస్కారాలకు ఆధారమయ్యేవి ఇటువంటి నమోదులే. మనం పేరు రాయని స్త్రీకి ఆ ఆధారం ఉండదు.

బల్కంపేటలో అమ్మవారిని చూడాలంటే కిందికి, బావిలోకి చూడాలి. ఎల్లమ్మ కథను ఒగ్గు దరువుమీద, జమిడిక స్వరంమీద తరతరాలుగా పురుషులు గొప్పగా పాడారు. ఆ గానం మన సంపద. అదే కథను బుడిగె పట్టిన స్త్రీ తన వరుసలో ఎత్తుకుంటే, తెగిన తల ఘట్టం ఏ బాణీలో నడుస్తుందో, ఎవరి మాటతో మొదలవుతుందో వినవలసి ఉంది. ఆ వినికిడికి కావలసిన కథకురాలు కొత్తగా పుట్టనక్కర లేదు. ఆమె వంత స్థానంలో ఇప్పటికే నిలబడి ఉంది.